దిగిన సూది

వనస్థలిపురంలో కొత్త కాలనీలు లేస్తున్న రోజులవి. ప్లాట్లు చూడబోయేవాళ్లను దశరథ తన పాత అంబాసిడర్‌లో ఎల్బీ నగర్ నుంచి కిరాయికి తిప్పేవాడు. మొండి మనిషి. డ్యాష్‌బోర్డు మీద ఇంజను నీళ్ల వేడి చూపే సూదిని భార్య సైదమ్మ మాటకన్నా ఎక్కువ నమ్మేవాడు. అది సగం దగ్గర నిలబడితే ఇంజను బాగున్నట్టే.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం సైదమ్మను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోతుంటే సూది ఎర్రగీత దాకా ఎక్కింది. బండి ఆపుదామనుకునేలోపే తనంతట తానే కిందికి దిగిపోయింది.

"సల్లవడ్డది, ఇగ రంది లేదు," అన్నాడు దశరథ.

సైదమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇందాక కుతకుత మసిలిన చప్పుడైంది, ఇప్పుడు లేదు. కుండ అడుగంటిన వాసనొస్తున్నది. జర ఆపు."

"సూది కనవడ్తలేదా నీకు?" అంటూ ఆయన వేగం పెంచాడు.

ఇంజనులో ఉండే దాని కొస నీళ్లలో మునిగి ఉన్నంతసేపే ఆ సూదికి వేడి సరిగ్గా తెలుస్తుంది. రేడియేటర్ గొట్టం పగిలి, నీళ్లన్నీ అప్పటికే రోడ్డు పాలయ్యాయి. లోపల ఆయిల్ మాడుతోంది.

కొత్తపేట దాటకముందే ఇంజను కీచుమని బిగుసుకుపోయింది. కాళ్ల సందుల్లోంచి పొగ లేస్తున్నా దశరథ సూదినే చూస్తున్నాడు. అది ఇంకా చల్లగానే చూపిస్తోంది.