మాడు వాసనకు నేను చేసిన వైద్యం

మా ఎస్తేరక్కకు వచ్చిన ఉద్యోగాన్ని ఆవిడ చేరకముందే ఊడగొట్టబోయిన ఘనత నాది. అదీ ఒక్క పూటలో. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

డెబ్భైల చివర్లో మాట. అక్కకు రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో టీచరు పోస్టు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండులోపు వెళ్లి సంతకం పెట్టాలి. లేకపోతే అది జాబితాలో తరవాతి మనిషికి పోతుంది. మా ఇంట్లో నెలజీతం మొహం చూడబోయే మొదటి మనిషి అక్కే. అమలాపురంలో పెదనాన్నగారికి ఒక పాత కారు ఉండేది. సరిగ్గా ఆ రోజే డ్రైవరు సత్తియ్యకు జ్వరం తగిలింది. నెల్లాళ్ల కిందటే అతని దగ్గర డ్రైవింగు నేర్చుకున్న నేను "నేను లేనా?" అన్నాను. అక్క మొహంలో రంగు పోయింది. అమ్మ మాత్రం మామూలు కంటే పొడుగ్గా ప్రార్థన చేసి పంపింది. తోడుగా బాబాయిగారు నోట్లో చుట్టతో ఎక్కారు.

సత్తియ్య నాకు అన్నీ నేర్పాడు గానీ, స్టీరింగు కింద గొడుగు పిడిలా ఉండే చేతిబ్రేకు గురించి అడిగితే నవ్వేశాడు. "అది కొండల మీద తిరిగేవోళ్లకండి బాబూ. మన కోనసీమలో కొండలెక్కడున్నాయండి? మనకది సంచీ తగిలించుకోడానికండి, ఆయ్." నిజమే. గోళీకాయ కింద పెడితే పెట్టిన చోటే ఉండే నేల మాది.

వైనతేయ మీద అప్పటికి వంతెన లేదు. బోడసకుర్రు రేవులో కారును పంటు ఎక్కించి ఏరు దాటించాలి. ఎక్కించగానే పంటు నడిపే సరంగు కిటికీలోంచి చెయ్యి పెట్టి, పిడికి వేలాడుతున్న అక్క సంచీని నా ఒళ్లో పడేసి, పిడిని బలంగా బయటికి లాగాడు. "పంటు ఊగుతాదండి. ఇది లాగకపోతే కారు ఏట్లోకి పోద్దండి." అవతలి ఒడ్డున మళ్లీ వదలమని కూడా చెప్పే ఉంటాడు. నేను హారను కొట్టుకుంటున్నాను. పిడి ముందుకు వచ్చింది కదా, సంచీని మరింత వీలుగా తగిలించాను.

మీకు అర్థమైపోయింది. నాకు ఇంకా చాలా దూరం ఉంది.

పాశర్లపూడి దాటగానే వాసన మొదలైంది.

"ఏదో మాడుతోందిరా," అంది అక్క.

"బాబాయిగారి చుట్టే!"

"నా చుట్ట వాసన నాకు తెలీదంట్రా? ఇది వేరే."

నేను ఒప్పుకోలేదు. సగం కాలిన చుట్టను కాలవలో పారేయించాను. వాసన తగ్గలేదు, బాబాయిగారు మాట్లాడటం తగ్గింది. తరవాత, తోటల్లో కొబ్బరి పీచు తగలబెడుతున్నారని తేల్చి అద్దాలు ఎత్తించాను. వాసన లోపలే చిక్కుకుని రెట్టింపైంది.

"అక్కా, చీర ఇస్త్రీ చేసేటప్పుడు మాడ్చేవేమో చూడు."

"నా చీర మాడితే కారు నత్తలా నడుస్తుందంట్రా?"

"ఎదురుగాలి అక్కా," అన్నాను. బయట ఆకు కదలడం లేదు.

నగరం అనే ఊరు దాటాక వెనక చక్రాల దగ్గర పొగ కనబడింది. పొగ వెనక వస్తోంది కాబట్టి నేను దిగి ముందున్న బానెట్ ఎత్తాను. లోపల ఏది ఏమిటో తెలియకపోయినా డాక్టరులా రెండుమూడు చోట్ల తట్టి చూసి, "ఇంజను వేడెక్కింది" అని ప్రకటించి, కాలవ నీళ్లు తెచ్చి పోశాను. ఆపిన ఇంజను మళ్లీ స్టార్టయితే ఒట్టు.

బరువు తగ్గించడానికి అక్కనూ బాబాయిగారినీ దింపాను. పక్క తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్న నలుగురిని బతిమాలాను. నేను స్టీరింగు పట్టుకున్నాను, బాబాయిగారితో కలిసి వాళ్లు తోశారు.

"కదలట్లేదండీ!"

"ఇంకాస్త గట్టిగా!"

"బండి భూమిలో పాతేసేరేంటండి బాబూ?"

అక్క వాచీ చూసుకుంది. పదకొండున్నర. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను బస్సుకి పోతాను. నా సర్టిఫికెట్లు ఇలా ఇయ్యి," అని కిటికీలోంచి వంగి సంచీ పట్టుకుంది. అది రాలేదు. నా మీది కోపమంతా చూపించి మెలితిప్పి లాగింది. సంచీ చేతికి వచ్చింది. పిడి టక్కున లోపలికి పోయింది.

కారు ముందుకు దూకింది. తోస్తున్న అయిదుగురూ బోర్లా పడ్డారు. గేరు వేశాను, ఇంజను అందుకుంది.

"చూశావా అక్కా, నీళ్లు పోస్తే ఎలా దారికొచ్చిందో!"

ఆపితే మళ్లీ ఆగిపోతుందన్న భయంతో తల కూడా తిప్పలేదు. దారిపొడుగునా ఇంజన్ల గురించి ఉపన్యసించాను. అక్క ఎదురు చెప్పలేదు. నా పనితనానికి నోట మాట రావడం లేదనుకున్నాను. దింపింది నేనే, మరిచిపోయిందీ నేనే.

పన్నెండుకు పది నిమిషాలుండగా స్కూలు ముందు ఆపాను. హెడ్మాస్టరుగారు వరండాలో ఉన్నారు.

"చేరడానికి వచ్చేరాండి?"

"నేను కాదండి, మా అక్కండి. టైముకి తీసుకొచ్చేనండి," అంటూ దర్జాగా వెనక తలుపు తీశాను.

సీటు మీద బాబాయిగారి కండువా ఉంది.

హెడ్మాస్టరుగారు దాన్ని తేరిపార చూసి, "ఈవిడేనాండి?" అన్నారు.

నవ్వు రాలేదు నాకు. నిజంగా ఏడుపొచ్చింది. వెనక్కి వెళ్లి తెచ్చే వ్యవధి లేదు. అమ్మకు ఏమని చెప్పాలి? గేటు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు రాజోలు బస్సు వచ్చి ఆగింది. అక్క సంచీ గుండెకు హత్తుకుని దిగి పరుగెత్తింది. వెనక బాబాయిగారు, మోచేతులు గీరుకుపోయి, చొక్కానిండా దుమ్ముతో. పన్నెండుకు రెండు నిమిషాలుండగా అక్క సంతకం పెట్టింది. దేవుడున్నాడనిపించింది నాకు.

హెడ్మాస్టరుగారు రిజిస్టరు మూస్తూ నావైపు వేలు చూపించారు. "ఆ అబ్బాయి మీ తమ్ముణ్ణని చెప్పేడండి?"

అక్క కొంగుతో చెమట తుడుచుకుంది. "కాదండి, డ్రైవరండి. పొద్దున్నే పెట్టుకున్నాం, ఇప్పుడే తీసేసేం."

అక్కడే, ఆ గేటు పట్టుకునే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి బండి నడిపినా, ఎక్కినవాళ్ల తలలు ఒక్కొక్కటే తడిమి చూసుకోకుండా క్లచ్ మీంచి కాలు తీయను. ఇంతవరకూ మాట తప్పలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అది ప్రేమ అనుకుని తెగ మురిసిపోయింది. అసలు సంగతి ఎస్తేరక్క చెప్పేసింది.