పటేలు నోటితో చెప్పించిన చావు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సు ఊరి పొలిమేర చేరేసరికి కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన గుప్పున లోపలికి వస్తుంది. పక్కవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం గుండెనిండా పీల్చుకుంటాను. అది మా నాన్న వాసన. అక్కడి రైసుమిల్లులో బస్తాలు మోసి, వారానికోసారి పాలకీడు దగ్గరున్న మా పల్లెకు వచ్చే నాన్న, తలకు చుట్టిన తువ్వాల విప్పి దులిపితే తవుడూ చెమటా ఆవిరీ కలిసిన ఆ వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఆ తువ్వాల కొసన మూటగట్టి మాకోసం తెచ్చిన కారబ్బూందికి కూడా అదే వాసన.

కాలువకు నీళ్ళు వదిలారంటే మాకు పండుగే. నేనూ తమ్ముడూ గట్టు మీద కూర్చుని వేళ్ళు నల్లబడేదాకా గులకరాళ్ళతో కచ్చకాయలాడేవాళ్ళం. నాట్లు వేసి వచ్చిన అమ్మ కాళ్ళకు ఎండిన బురదను గోళ్ళతో పెచ్చులు పెచ్చులుగా ఊడదీసేవాళ్ళం. బతుకమ్మ పండుగకు తంగేడు పూలు తేవడం నాన్న వంతు, పల్లీలు దంచి బెల్లం కలిపిన సత్తుపిండి దొంగిలించడం మా వంతు. జొన్నగటక, పచ్చిపులుసు, వాన వెలిసిన పొద్దున ముద్దపప్పు. మేం పేదవాళ్ళమని అప్పటికి నాకు తెలియదు.

తొంభైల నడుమ ఒక ఎండాకాలం మిల్లులో పేర్చిన బస్తాలు కూలి నాన్న మీద పడ్డాయి. పోలీసులూ దవాఖానా అంటే తలనొప్పి అనుకున్నాడేమో, యజమాని చడీచప్పుడు లేకుండా శవాన్ని లారీలో వేసి ఊరికి పంపేశాడు. చావుకు కాగితమంటూ ఏదీ పుట్టలేదు. ఊరంతా వచ్చింది. పటేలు కూడా వచ్చాడు. పటేలు పదవులు అప్పటికే పోయినా మా ఊళ్ళో ఆయన మాటే చెల్లేది. నాన్న మీద ఆయన పిడికెడు మట్టి వేయడం నేను కళ్ళారా చూశాను.

ఇంటిని సాకే మనిషి పోతే, చిన్నపిల్లలున్న పేదింటికి సర్కారు డబ్బు సాయం చేస్తుందని మా బడి సారు అమ్మకు చెప్పి దరఖాస్తు రాసిపెట్టాడు. అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని మండలాఫీసుకు నడిచేది. ఆ వరండాలో బీడీపొగ, పాత కాగితాల ముక్కవాసన, ఎదురుచూసే జనం. “రేపు రాపో” అనే మాట తప్ప లోపలినుంచి మరో మాట వచ్చేది కాదు.

చివరికి మండలాఫీసు నుంచి విచారణకు గిర్దావరు వచ్చాడు. మా గుడిసె దాకా రాలేదు. పటేలు అరుగు మీద కూర్చుని, కోడికూర తిని, ఆయన చెప్పింది రాసుకుని పోయాడు. మా నాన్న చనిపోలేదని, ఎవతెనో వెంటబెట్టుకుని పారిపోయాడని పటేలు చెప్పాడు. ఎందుకంటే, నాన్న పోయిన నెలకే కూలి లేకుండా తన గొడ్ల కొట్టం ఊడ్వమని అమ్మను పిలిపించాడు. కూలి ఇస్తేనే వస్తానంది అమ్మ. అంతే. అబద్ధమని ఊరందరికీ తెలుసు. పాడె మోసినవాళ్ళు కూడా తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు.

అమ్మ పోయి పటేలు కాళ్ళ మీద పడింది.

“కొట్టం ఊడ్వనన్న నోరేనా ఇది? పో, నీ మొగణ్ని ఏడున్నడో ఎతుక్కో పో,” అన్నాడు.

ఆ ఏడాది మేం గంజి తాగి, చింతచిగురు ఉడకబెట్టుకుని బతికాం. తమ్ముణ్ణి బడి మాన్పించి పటేలు గేదెల వెంట పంపమని ఊరు సలహా ఇచ్చింది.

వేసవిలో పటేలు బిడ్డ పెండ్లి. కోదాడ సంబంధం. వాకిలి నిండా షామియానా, బగారన్నం వాసన, సన్నాయి. మండలాఫీసరు ముందు వరసలో కూర్చున్నాడు. ఆ పొద్దున అమ్మ తలంటి పోసుకుని, పండుగ చీర కట్టి, చేతుల నిండా పచ్చగాజులు వేసుకుని, నొసట రూపాయంత కుంకుమ పెట్టుకుంది. మా ఇద్దరినీ చెరో చేత పట్టుకుని పోయి పటేలింటి ముత్తైదువల నడుమ కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరొకరే పక్కకు జరిగారు. పెండ్లికొడుకు తల్లి వింతగా చూసి, “ఎవరండీ ఈవిడ?” అని అడిగింది.

పటేలు పరుగున వచ్చాడు. కండ్లు నిప్పులయ్యాయి.

“ముండమోసినదానా, నా బిడ్డ లగ్గంల బొట్టువెట్టుకోని కూసుంటవా? నీ మొగడు సచ్చి ఏడాదాయె, నా చేతులతోనే మట్టేసిన గదనే!”

సన్నాయి ఆగిపోయింది. అమ్మ నిదానంగా లేచి ఆఫీసరు వైపు తిరిగింది.

“ఇన్నరా సారూ? నా పెనిమిటి సచ్చిపోయిండంట. గీ ఒక్క మాట రాసియ్యమనే ఏడాది సంది గీయన కాళ్ళు మొక్కుతున్న. బతికే ఉన్నడని మీ గిర్దావరుకు చెప్పింది గీయనే. బతికుంటే నేను బొట్టెందుకు పెట్టుకోవద్దో మీరే చెప్పుండ్రి.”

ఆఫీసరు పటేలు ముఖంలోకి చూశాడు.

“చచ్చినాయన్ని బతికున్నాడని చెప్పారా? ఆడపిల్లలున్న ఇంటివాళ్ళు చేసే పనేనా ఇది?” అంది కోదాడామె. మగపెండ్లివారు విస్తళ్ళ ముందు కూర్చునేది లేదని లేచి నిలబడ్డారు. ఊరిని తన గుప్పిట పెట్టుకున్న మనిషి తలపాగా తీసి ఒక్కొక్కరినీ బతిమాలుకున్నాడు. పెండ్లి ఆగలేదు, పప్పుచారు మాత్రం చల్లారిపోయింది. పెండ్లికూతురు తల దించుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందని నన్నడిగినవాళ్ళున్నారు. మేమేం చేశామని నేను తిరిగి అడుగుతాను. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం తర్వాత ఏ పండుగకూ కలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కాలువలో దిగి బొట్టు కడుక్కుంది. నడుములోతు నీళ్ళలో నిలబడి, నాన్న పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. గాజులు పగలగొట్టలేదు, ఒక్కొక్కటే తీసి నా చేతులకు తొడిగింది. వదులై మోచేతుల దాకా జారాయి.

కొత్తగా విచారణ జరిగింది, డబ్బు వచ్చింది. అమ్మ ఒక పాడిగేదెను కొన్నది. తమ్ముడు బడి మానలేదు, నేను సూర్యాపేట హాస్టల్లో చేరాను.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, అక్కడ ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. సర్కారు డబ్బు బ్యాంకులో పడుతుంది, వరండాల్లో పడిగాపులు తగ్గాయి. కచ్చకాయలంటే మా పిల్లలకు తెలియదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. పటేలు పోయాడని పోయిన ఏడు ఊరినుంచి ఫోను వచ్చింది. అమ్మకూ వయసు మీద పడింది కదా, పోనీలే అంటుందనుకున్నాను.

“ఇయ్యాల సేమ్యా పాయసం వండు బిడ్డా,” అంది.

షుగరున్న మనిషి. అయినా నేను అడ్డు చెప్పలేదు. జీడిపప్పు వేయించి, చక్కెర దండిగా పోసి వండాను. ఇద్దరం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.