పెళ్ళిచూపులకు వెళ్ళిన డిస్కు

పెళ్ళిచూపులకి మనిషి వెళ్ళనక్కర్లేదు, డిస్కు వెళితే చాలన్న సంగతి మా జిల్లాలో మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనే. ఇంత గొప్ప విషయం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మొన్న మా మరదలు తన కూతురికి వచ్చిన సంబంధం తాలూకు కుర్రవాడి వీడియో ఒకటి ఫోనులో చూపించి, "బావగారూ, మీరీ వ్యాపారంలోనే ఉన్నారు కదా, ఈ అబ్బాయి నిజంగానే ఇంత పొడుగంటారా?" అని అడిగేసరికి, నవ్వూ, ఎప్పుడో మానిందనుకున్న పాత పంటిపోటూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

మాది బందరు. నాన్నది బట్టల కొట్టు, బాబాయిది గిన్నెల కొట్టు, మేనత్త వాళ్ళది కిరాణా. మా ఇళ్ళలో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వచ్చేది. రూపాయి వస్తువుని ముప్పావలాకి అడగడం మర్యాద, అర్ధరూపాయికి అడగడం తెలివి, పావలాకి అడిగి కొట్టు మెట్లు దిగిపోతున్నట్టు నటించడం విద్య. అలా పెరిగినవాణ్ణి కాబట్టి, గుడివాడలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ కొట్టు పెట్టినప్పుడు, దానికి కావలసిన సాఫ్ట్‌వేరుని బెజవాడలో ఒక మేడమెట్ల కింద ఉన్న కంప్యూటర్ కొట్లో, చెప్పిన ధరలో నాలుగో వంతుకి సాధించుకొచ్చాను. స్కెచ్ పెన్నుతో పేరు రాసిన ఉత్త డిస్కు అది. పైగా కొట్టతని డబ్బులతోనే టీ కూడా తాగి బస్సెక్కాను.

ఆ రోజుల్లోనే మా అవనిగడ్డ మావయ్య కోడూరు నుంచి నాకొక సంబంధం తెచ్చాడు. పిల్ల తండ్రికి ఎరువుల కొట్టు. పిల్ల డిగ్రీ చదివి, సాయంత్రాలు గల్లాపెట్టె దగ్గర కూర్చునేదట. ముందుగా ఫోటో వచ్చింది. పక్కన ఎవరో ఏదో అంటే నవ్వాపుకుంటున్నట్టున్న ఆ ముఖాన్ని నేను కంప్యూటరు పక్కన నిలబెట్టుకుని, ఎవరెవరివో తలంబ్రాలు అతికిస్తూ మధ్యమధ్య దానివంక చూసుకునేవాణ్ణి. ఈ పిల్లనే చేసుకోవాలని ఎవరికీ చెప్పకుండా నిశ్చయించుకున్నాను కూడా. వెళ్ళి కనబడి రావచ్చు కదా అంటారు మీరు. అది పెళ్ళిళ్ళ కాలం. కొట్టు మూసి, పామర్రులో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి, చేతిలో స్వీటు పొట్లంతో వెళ్ళి రావడమంటే ఒక రోజు బేరం పోయినట్టే. అందుకని మేనత్త కొడుకు కోటు తొడుక్కుని, కెమెరా ముందు కూర్చుని నా గురించి నేనే చక్కగా చెప్పుకుని, ఆ డిస్కుని అవనిగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను.

రెండోనాడే మావయ్య ఫోను. "ఏరా అబ్బాయ్, ఒంట్లో బాగుందా? వాళ్ళ టీవీలో సరుగుడు కర్రలా ఉన్నావు. పిల్ల నాయనమ్మ అయ్యో పాపం అంటోంది."

సంగతేమిటంటే, ఆనాటి కెమెరాలు వెడల్పు బొమ్మని పక్కల నుంచి నొక్కి దాచేవి. ఆ ఫైలులో 'దీన్ని వెడల్పు చేసి చూపించు' అని ఒక గుర్తు ఉండాలి, అది ఉంటేనే టీవీ బొమ్మని విప్పి చూపుతుంది. నేను సాఫ్ట్‌వేరులో వివరాలు చూశాను. వెడల్పు బొమ్మ అనే ఉంది. యంత్రం అబద్ధమెందుకు చెబుతుంది? వాళ్ళ టీవీలోనే లోపముందనీ, ఎవరికైనా చూపించుకోమనీ ధీమాగా చెప్పాను. చెప్పి ఊరుకున్నానా, ఎందుకైనా మంచిదని బొమ్మని నా చేత్తో నేనే కాస్త సాగదీసి రెండో డిస్కు కూడా పంపాను. వాళ్ళు మర్యాదస్తులు. నా మాట నమ్మి మెకానిక్‌ని పిలిపించి టీవీలో తెరని సాగదీయించారు. ఇక్కడి సాగతీత, అక్కడి సాగతీత కలిశాయి.

"ఈసారి ధాన్యం బస్తాకి కోటు తొడిగినట్టున్నావురా," అన్నాడు మావయ్య. ఆయన గొంతులో నవ్వు లేదు. "వాళ్ళు నన్నొకటే అడుగుతున్నారు, అసలు మనిషిలో దాచాల్సిందేమైనా ఉందా అని."

ఆ మాట నాకు ఎంత గట్టిగా తగలాలో అంత గట్టిగా తగిలింది. ఒకే సరుకుని రెండుసార్లు తూచి రెండు తూకాలు చెప్పినవాడి కొట్టుకి మళ్ళీ ఎవరొస్తారు? ఇక నా తిప్పలు చూడాలి. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాను. కెమెరా మార్చాను. ఎన్ని రకాలుగా చేసినా ఆ వివరాల గడిలో అదే మాట, అంతా సవ్యంగా ఉందని. బెజవాడ కొట్టతనికి ఫోను చేసి అరిస్తే, "మీరిచ్చిన రేటుకి అది తెరుచుకోవడమే ఎక్కువండీ," అని పెట్టేశాడు. పెళ్ళివాళ్ళు డిస్కుల కోసం గుమ్మంలో కూర్చుని ఉన్నారు. చివరికి విసుగెత్తి మొదటి డిస్కు పట్టుకుని పక్కన టీ కొట్టు టీవీలో పెట్టిస్తే, అక్కడా అదే సరుగుడు కర్ర. కొట్టాయన గ్లాసు కడుగుతూ తలెత్తి, "ఎవరండీ ఈయన, మీ అన్నయ్యగారా?" అన్నాడు.

ఆ తరువాత ఒక స్నేహితుడి కంప్యూటరులో వేరే ప్రోగ్రాముతో ఆ ఫైలుని తెరిచి చూస్తే అసలు రహస్యం బయటపడింది. అందులో వెడల్పు గుర్తు లేనేలేదు. నా సాఫ్ట్‌వేరు ఫైలు లోపలికి చూడనే చూడదు. మొదట్లో నేను ఏ కొలత ఎంచుకున్నానో దాన్నే వివరాల గడిలో నాకు తిరిగి చదివి వినిపిస్తుంది. నాన్న కొట్లో ఒక గుమాస్తా ఉండేవాడు, గజంబద్ద పట్టకుండానే యజమాని ఎంతంటే అంత, "అవునండీ, అంతేనండీ," అనేవాడు. అలాంటివాణ్ణి నేను ఏరికోరి పనిలో పెట్టుకున్నానన్నమాట.

ఇక డిస్కులు మాని నేనే వెళ్ళాను. కోడూరులో బస్సు దిగి ఎరువుల కొట్టు చేరేసరికి పిల్ల తండ్రి, ఆ పెద్దాయన, ఎదురొచ్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నాయనమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఓస్, మామూలు మనిషేగా!" అని తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు, మొన్న ఆదివారం చల్లపల్లి నుంచి ఒకరు వచ్చి చూసి వెళ్ళారనీ, వాళ్ళకి మాటిచ్చామనీ. అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక్క వారం గడువిస్తే మా పెద్దవాళ్ళని తీసుకొస్తానని నేను బేరం మొదలుపెట్టాను. ఆయన నొచ్చుకోకుండా నవ్వాడు. "బాబూ, మాదీ కొట్టేగా. మాటిచ్చాక రేటు మార్చం."

వెళ్ళొస్తానని లేచినప్పుడు గల్లాపెట్టె దగ్గర ఆ అమ్మాయే ఉంది. ఫోటోలో ఆపుకున్న నవ్వు ఇప్పుడు లేదు.

"పొడుగో పొట్టో నాకు పట్టలేదండీ," అంది. "మా టీవీ బాలేదన్నారు, చేయించాం. ఇంకోటి పంపారు, అదీ చూశాం. ఇంత శ్రమ పడ్డారు గానీ, అక్కడ మీకెలా కనిపిస్తున్నానండీ అని ఒక్కసారి నన్నడగొచ్చుగా?"

"సాఫ్ట్‌వేరులో అంతా సరిగ్గానే ఉందని చూపించిందండీ…"

"అదేం చూస్తుందండీ? చూసింది నేను. అడిగితే చెప్పేదాన్నిగా."

ఇప్పుడు ఆ బాధ లేదు. ఏ ఫోనులో తీసిన బొమ్మయినా ఏ తెరకైనా తనంతట తానే సర్దుకుంటుంది, ఎవరూ సన్నబడరు, ఎవరూ లావవరు. మనం పడ్డ అవస్థలు చెబితే ఇప్పటి పిల్లలు కథలంటారు. కానీ అవతలి మనిషికి తామెలా కనిపిస్తున్నారో అడిగేవాళ్ళు పెరిగినట్టు మాత్రం నాకు తోచదు. మా మరదలికి ఒక్కటే చెప్పాను, పొడుగు సంగతి నన్నడగొద్దు, ఆ అబ్బాయినే ఒకసారి రమ్మనమని.

ఇక లెక్క నిజాయితీగా తేల్చాలంటే, మా ఆవిడని ఇందులోకి తీసుకురాను. ఆమెది వేరే పద్దు, అందులో బాకీ అంతా నాదే. ఈ పద్దులో మిగుల్చుకోబోయినది ఒక రోజు కొట్టు బేరం, అదీ మిగల్లేదు. పోయినవి, నిక్షేపంలా ఉన్న టీవీని నా మాట మీద బాగుచేయించుకున్న ఒక ఇంటి నమ్మకం, అడిగితే చెప్పడానికి సిద్ధంగా కూర్చున్న ఒక మనిషి.