డ్రిల్లు సారు పెట్టిన కాయిదా

హాకీలో గోలు కాసే పని నా చిన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని పని. ఇబ్రహీంపట్నంలో మా ఉర్దూ బడి వెనక మైదానంలో సాయంత్రం ఆట మొదలైతే ప్రతివాడికీ బంతి వెంట ఉరకాలని, గోలు కొట్టాలని ఉండేది. నాకూ ఉండేది. కానీ నాకు పుట్టినప్పటి నుంచి ఆయాసం. కాస్త ఉరికితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకని నన్ను గోలులో నిలబెట్టారు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి. నాకు పన్నెండో పదమూడో ఏళ్ళుంటాయి.

మాలో చాలామందివి రేగు కొమ్మలు వంచి చేసుకున్న కర్రలు. గోలుకు గుర్తుగా రెండు గుంజలు పాతేవాళ్ళం. వెనక వల ఉండేది కాదు. నా కాళ్ళకు కట్టుకునే మెత్తలు మా అమ్మ కుట్టింది, గోనెసంచి ముక్కల్లో మా చేని పత్తి కూరి. మొదటిసారి అవి కట్టుకొని వాకిట్లో నడిస్తే బాపు పడీపడీ నవ్వాడు. "ఏనుగుపిల్ల లెక్క ఉన్నవ్‌రా" అన్నాడు. మా బాపు అట్లా నవ్వడం అరుదు. కౌలు చేను, వెట్టి చాకిరీ, ఆపైన సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం ఆయనకు నవ్వే తీరిక ఇవ్వలేదు.

మా డ్రిల్లు సారు పట్నం నుంచి వచ్చిన ముసల్మాను. ఎండిన కట్టెలా పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడు చూసినా ఒంటి మీద బడివాళ్ళిచ్చిన ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కానే. కుడిచేతి చిటికెనవేలు వంకర. కుర్రతనంలో పట్నంలో గోల్‌కీపరుగా ఆడేటప్పుడు బంతి తగిలి విరిగిందని మాకు తెలుసు. అంతకుమించి ఆ రోజుల గురించి ఆయన ఎప్పుడూ చెప్పేవాడు కాదు. బడి వెనక సందులో భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు.

నేను గోలులో నిలబడ్డ కొత్తల్లో ఒక బంతి నా కాళ్ళ మధ్య నుంచి దూరి వెనక తుమ్మపొదల దాకా దొర్లిపోయింది. దాన్ని తేవడానికి ఒక్కణ్నే నడుస్తుంటే వెనక నుంచి నా జట్టువాళ్ళే తిట్లు లంకించుకున్నారు. ముళ్ళల్లో చెయ్యి పెట్టి బంతి తీస్తూ ఏడ్చాను. నేను తిరిగి వచ్చేసరికి సారు ఈల ఊది అందరినీ గోలు దగ్గర నిలబెట్టి ఉన్నాడు.

"బంతి వీని దాంక ఎట్లొచ్చిందిరా? ఆస్మాన్‌ల నుంచి పడ్డదా?" అని అడిగాడు.

ఈల జేబులో వేసుకొని మళ్ళీ ఆయనే అన్నాడు.

"మీ పది మందిని దాటుకొని వచ్చింది. పది మంది ఇడిసిపెట్టినంక వీడొక్కడు ఏం జేస్తడు?"

ఆ రోజు ఆయన మాకొక కాయిదా పెట్టాడు, ఆటకొక కొత్త నియమం. గోలు పడితే పోయి బంతి తేవాల్సింది గోల్‌కీపరు కాదు, మిగతావాళ్ళలో ఎవరో ఒకరు. ఆ లోపల తక్కినవాళ్ళందరూ గోలు దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరుగా గోల్‌కీపరు భుజం మీద చెయ్యి వేసి పోవాలి. మాట్లాడక్కర్లేదు. ఆ తర్వాతే ఆట మళ్ళీ మొదలు. ఇదేం ఆట అని మొదట్లో పిల్లలు నవ్వుకున్నారు. రాను రాను అది మాకు అలవాటైపోయింది. మా ఫుల్‌బ్యాక్ దర్జీ కొడుకు. గోలు పడితే అందరికన్నా ముందు వాడే బంతి కోసం ఉరికేవాడు. వాడి భుజాలు నా ముందు కదులుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. వాడికి కూడా వెనక నేనున్నానని ధైర్యమట. ఒకసారి చెప్పాడు.

ఆ ఏడాదే మా బాపు పోయాడు.

దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్ళకు జొన్నలిచ్చాడని ఎవరో చెప్పారట. పొద్దున్నే ఖాకీ బట్టల్లో రజాకార్లు వచ్చి చేతులు వెనక్కి కట్టి తీసుకుపోయారు. అమ్మ వెంట ఉరికింది. ఊరు దాటాక బాట పక్కన అమ్మ చూస్తుండగానే కాల్చేశారు. అప్పుడు నేను బడిలో ఉన్నాను. ఆ చప్పుడు మాకు వినబడింది. ఎవరో పిట్టలను కొడుతున్నారనుకున్నాం.

మా ఇంటికి ఎవరూ రాలేదు. రావాలని లేక కాదు, వస్తే సంఘం మనుషులని తమ పేరు కూడా చేరుతుందని భయం. మా పెద్దబాపు ఒక్కడే దగ్గరుండి అన్నీ చేశాడు. తమ్ముణ్ని కాటికి మోసుకుపోయి కూడా ఆయన ఏడవలేదు. ఎదురింటివాళ్ళు తలుపు సందులోంచి చూసేవాళ్ళు. వాకిట్లో పిల్లలు ఆడుకునేవాళ్ళు కాదు. అంతకుముందు రోజూ నిప్పు కోసం వచ్చే పక్కింటి అక్క కూడా రావడం మానేసింది. అమ్మ గోడకు ఆనుకొని కూర్చుంటే పొద్దు గూకేదాకా అట్లాగే ఉండేది.

అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం పట్టపగలు, అందరూ చూస్తుండగా డ్రిల్లు సారు మా వాకిట్లోకి వచ్చాడు. వెనక మా జట్టు. ఖాకీ బట్టలు కనబడగానే అమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఆయన ఎవరో నేను చెప్పాను. సారు టోపీ తీసి, నేల మీద కూర్చున్నాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిగారు. దర్జీ కొడుకు చెయ్యి వేసి తీయలేక అక్కడే నిలబడిపోయాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ అడిగింది, "గా పోరగాండ్లు నీ భుజం ఎందుకు ముట్టిన్రు కొడుకా?" కాయిదా సంగతి చెప్పాను. అమ్మ లేచి, బాపు పోయాక మొదటిసారి పొయ్యి ముట్టించి రొట్టె చేసింది.

మళ్ళీ ఆటకు పోయాను గానీ నాలో ఏదో పాడైపోయింది. బంతికి కర్ర గట్టిగా తగిలి ఠప్పుమంటే ఆ పొద్దుటి చప్పుడే చెవిలో పడేది. కళ్ళు వాటంతట అవే మూసుకునేవి. తుర్కయాంజాల్ పిల్లలతో ఆట పెట్టుకున్న రోజు మొదటి బంతికీ కళ్ళు మూశాను, రెండోదానికీ మూశాను. రెండూ గోలే. జట్టు వచ్చింది, భుజం మీద చేతులు వేసింది, పోయింది. వాళ్ళు ఏమీ అనకపోవడం నాకు ఇంకా కష్టమైంది. మూడోది కూడా పడ్డాక కూర్చొని మెత్తలు విప్పడం మొదలుపెట్టాను.

సారు వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. "ఇప్పకు బేటా. కండ్లు మూసుకుంటే మూసుకో. జర నిలబడు, చాలు. ముంగట మేమున్నం."

ఆయనే చెప్పాడో, వాళ్ళకే తోచిందో తెలియదు, మా జట్టు మొత్తం వెనక్కి వచ్చేసింది. అవతలి గోలు వైపు ఒక్కడు కూడా పోలేదు. గోలు కొట్టడం తప్ప ఇంకో ధ్యాస లేని మా సెంటర్ ఫార్వర్డు కూడా వచ్చి నా పక్కన గుంజ దగ్గర నిలబడ్డాడు. తుర్కయాంజాల్ పిల్లలు నవ్వారు. నా ముందు వీపులే వీపులు. బంతి వాళ్ళ పిక్కలకు, మోకాళ్ళకు తగులుతుంటే అబ్బా అంటున్నారు గానీ పక్కకు తప్పుకోలేదు. ఆట చివర్లో వాళ్ళందరినీ దాటి ఒక్క బంతి నా దాకా వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాను. కాలితో ఆపాను. ఆట ఓడిపోయాం. కానీ దర్జీ కొడుకు నన్ను ఎత్తుకొని మైదానమంతా తిప్పాడు. వాణ్ని అంత సంతోషంగా చూడడం అదే ఆఖరు.

వానాకాలం చివర్లో పోలీసు యాక్షన్ వచ్చింది. మిలిటరీ బండ్లు పట్నం వైపు పోయాయని చెప్పుకున్నారు. నిన్నటిదాకా తుపాకులు పట్టుకొని తిరిగినవాళ్ళు ఖాకీలు బావుల్లో పారేసి మాయమయ్యారు. అప్పటిదాకా గొంతులో కుక్కుకున్న దుఃఖమంతా జనానికి ఒక్కసారిగా పైకి తన్నింది. చేసినవాళ్ళు దొరకలేదు. దొరికిన ముసల్మానుల మీదికి పోయారు. దర్జీ ఇంటికి తాళం పడింది. వాళ్ళు ఎటు పోయారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒకరోజు ఎండ వాలేవేళ అమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. కర్రలు పట్టుకొని కొందరు బడి సందు వైపు పోతున్నారని, ముందు మా పెద్దబాపే ఉన్నాడని ఎవరో వాకిట్లోంచి అరిచి చెప్పారు. అమ్మ చాట కింద పెట్టింది. కొంగు నడుముకు చెక్కుకుంది. "నడువు కొడుకా" అని నా చెయ్యి పట్టుకుంది.

మేము అడ్డదారిన పోయి ముందుగా చేరాం. సారు ఇంటి తలుపు మూసి ఉంది. లోపల చిన్నపిల్ల ఏడుపు, దాన్ని ఎవరో నోరు నొక్కి ఆపుతున్న చప్పుడు. అమ్మ గడప ముందు నిలబడి నన్ను పక్కన నిలబెట్టుకుంది. మమ్మల్ని చూసి మా సెంటర్ ఫార్వర్డు వచ్చాడు. తర్వాత మా జట్టులోనే ఆడే పాస్టరు కొడుకు, కుమ్మరి వాళ్ళ పిల్లవాడు. అందరూ రాలేదు. కొందరిని ఇళ్ళల్లోంచి కదలనివ్వలేదు. వచ్చినవాళ్ళం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాం.

గుంపు వచ్చి ఆగింది. పెద్దబాపు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వెందుకొచ్చినవ్ గీడికి? తప్పుకో" అన్నాడు అమ్మతో.

"నువ్వు ఎవలి కోసం వచ్చినవ్ బావా?"

"నా తమ్ముని కోసం."

"నీ తమ్ముని సంపినోళ్ళ మొకాలు నువ్వు సూడలే. నేను సూసిన. అండ్ల గీ సారు లేడు."

"ఖాకీ ఏసుకుంటడు గదా! గా మందిలోడే వీడు!"

"అవ్, ఏసుకుంటడు. గా ఖాకీతోనే మనింటికొచ్చి మన్నుల కూసున్నడు. గప్పుడు మనింటికి ఎవలొచ్చిన్రు బావా? నువ్వొచ్చినవ్. గీన వచ్చిండు. ఇంకెవ్వలన్న వచ్చిన్రా? సెప్పు."

అమ్మ గొంతు పెద్దది చేయలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. వెనకున్నవాళ్ళలో మా ఎదురింటాయన కూడా ఉన్నాడు. ఆయన తల దించుకున్నాడు. పెద్దబాపు చేతిలో కర్ర కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఆయన సందులోనే కూలబడి, కర్రను ఒళ్ళో పెట్టుకొని, "తమ్మీ, తమ్మీ" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అమ్మ పోయి ఆయన పక్కన కూర్చుంది. గుంపు మెల్లగా చెదిరిపోయింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సారు లుంగీ, బనీనులో ఉన్నాడు. ఆయన్ను ఖాకీ లేకుండా చూడడం నాకు అదే మొదలు. ఎంత చిన్నగా కనబడ్డాడో. అమ్మ దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే వాళ్ళు ఊరు విడిచారు. మాకు చెప్పలేదు. జల్‌పల్లిలో సారు భార్య పుట్టింటికి పోయారని తర్వాత తెలిసింది. బడిలో హాకీ ఆగిపోయింది. చలికాలంలో అమ్మ ఇన్ని జొన్నలు మూటగట్టి, ఎవరిదో బండి పట్టించి నన్ను వెంటబెట్టుకొని జల్‌పల్లి పోయింది.

సారు మంచం మీద పడుకొని ఉన్నాడు. జబ్బేమీ కాదని, ఆ రోజు భయం వదలక ఇక్కడికి వచ్చాక గడప దాటడం లేదని, వీధిలో నలుగురు గట్టిగా మాట్లాడితే వణుకుతున్నాడని ఆయన భార్య అమ్మతో చెప్పుకొని ఏడ్చింది. నేను మంచం పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఎముక తగిలింది.

"ఆడుతున్నరా బేటా?" అని అడిగాడు.

"లేదు సార్. బందయింది."

ఆయన గోడ వైపు తిరిగాడు. తర్వాత తనంతట తానే చెప్పాడు. కుర్రతనంలో పట్నంలో ఒక పెద్ద ఆటలో ఆఖరి నిమిషాన తన వల్ల గోలు పడిందట. జట్టులో ఒక్కడు కూడా ఆయన దగ్గరికి రాలేదట. బట్టలు మార్చుకునే దగ్గర కూడా ఎవరూ పలకరించలేదట.

"ఇంటిదాంక ఒక్కణ్నే నడుసుకుంట పోయిన. మళ్ళ ఎన్నడూ ఆడలే" అన్నాడు. "గందుకే మీకు గా కాయిదా పెట్టిన. ఏ పుస్తకంల లేదది. మీ అమ్మ ఆ దినం నా తలుపు ముంగట నిలబడ్డప్పుడు, గా కాయిదాను మీరు ఇంకొకరికి గూడ నేర్పిన్రు గదా అనుకున్న."

ఎండాకాలం రాకముందే ఆయన పోయాడని కబురు వచ్చింది. మట్టి చేసిన తర్వాత తెలిసింది మాకు. అమ్మ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

ఇప్పుడు నాకు చాలా వయసైంది. ఏ ఇంట్లోనైనా చెడు జరిగి, తప్పెవరిదని జనం తర్కించుకుంటుంటే నా కాళ్ళు ఆ ఇంటి వైపే పోతాయి. పోయి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. కాసేపు కూర్చొని వస్తాను. ఆపాల్సిన వాటిలో చాలావాటిని నేను ఆపలేదని తెలుసు, మా సారు పోవడాన్నీ ఆపలేకపోయాం. కానీ పట్నం వీధుల్లో, ఆట ఓడిపోయిన కుర్రవాడొకడు తల దించుకొని, పక్కన ఎవరూ లేకుండా ఇంటికి నడిచిపోయిన ఆ సాయంత్రం నాకు కనబడుతూనే ఉంటుంది. నేను చూడని సాయంత్రం అది. అయినా నా బతుకంతా ఆ నడకలో ఆయన్ను అందుకోవాలనే ఉరుకుతున్నట్టుంటుంది, ఈ ఆయాసంతోనే.