అడగకూడని ఆ ఒక్క ప్రశ్న

సహోదరులారా, సహోదరీలారా, మైకు దొరికితే నేను ఓ పట్టాన వదలనని ఈ సంఘంలో అందరికీ తెలుసు, అందుకే పాస్టరు అయ్యగారు ఇందాక గోడమీది గడియారం చూపించి మరీ నన్ను పిలిచారు! కానీ ఇప్పుడు మీతో మాట్లాడుతున్న ఈ నోరు రెండేళ్ల కింద రెండు వేళ్లు దూరేంతకు మించి తెరుచుకునేది కాదు. అన్నం ముద్ద పెట్టుకోవాలంటే తల వెనక్కి వాల్చాల్సి వచ్చేది, పచ్చిమిరపకాయ కూర వాసన తగిలితేనే చెంపలు మండేవి, మీరంతా పాటలు పాడుతుంటే నేను చివరి వరసలో కూర్చుని పెదవులు కదిలించి ఊరుకునేవాణ్ణి. అప్పటి సంగతే ఈ రోజు చెప్పాలని నిలబడ్డాను.

ఇరవై రెండేళ్లుగా రాజేంద్రనగర్ కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. అవతలివాళ్ల సాక్షి బోనులో నిలబడి చెప్పాల్సింది చెప్పాక, మా వంతు వచ్చినప్పుడు ఆ సాక్షిని ప్రశ్నలు అడుగుతాం చూడండి, దాన్ని మేము క్రాస్ అంటాం, అందులో నన్ను మించినవాడు లేడని నాకు నేనే అనుకునేవాణ్ణి, పైకి కూడా అనేవాణ్ణి. నేను లేచి నల్లకోటు సర్దుకుంటే వేరే హాల్లో పని ఉన్న జూనియర్లు కూడా వచ్చి వెనక నిలబడేవాళ్లు. ఎంత పొగరండీ నాకు! ఆ నోరు ఇచ్చినవాడు ఎవరో ఒక్కరోజు తలుచుకున్న పాపాన పోలేదు.

ఆ నోట్లోనే ఎప్పుడూ గుట్కా ఉండేది. మా సీనియర్ దగ్గర పని నేర్చుకున్నాను, పనితోపాటు ఆయన అలవాటూ నేర్చుకున్నాను. అమ్మకూడదని ప్రభుత్వం ఎంత చెప్పినా అది దొరికే పాన్ డబ్బా ఎక్కడుందో మాలాంటి వాళ్లకు తెలియకుండా ఉంటుందా! పొద్దున కోటు జేబులో వేసుకున్న పొట్లాలు మధ్యాహ్నానికి అయిపోయేవి. జడ్జి ముందు నమలకూడదు కాబట్టి కేసు పిలిచే ముందు బయటికి పరుగెత్తి, ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చేవాణ్ణి, మళ్లీ ఎప్పుడు బయటపడతానా అని మనసు తలుపు వైపే ఉండేది. గంట దాటితే చేతులు వణికేవి, రెండు గంటలు దాటితే ఎదురుగా ఎవరున్నా కరిచేసేంత కోపం వచ్చేది. దవాఖానలో డాక్టరమ్మ నా మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టమంది, రెండే పట్టాయి. లోపల చర్మం గట్టిపడిపోయిందని, ఇప్పటికైనా మానకపోతే క్యాన్సర్‌కు దారి తీయొచ్చని ముఖం మీదే చెప్పింది. ఆమె రాసిచ్చిన చీటీ మడిచి కేసు కట్టల్లో దాచేశాను.

నా భార్య కరుణకు తెలియకుండా ఎన్నాళ్లు దాగుతుంది? అన్నం మెత్తగా పిసికి పెడుతూ ఒకరోజు అననే అంది. "కోర్టుల అందరి నోర్లు మూయించిండ్రు గదా, ఇగ మీ నోరే మూతవడుతున్నది." నేను కంచం తోసేసి లేచిపోయాను. నిజం చెబితే కోపం రావడం మా వృత్తిలో మామూలే.

అలాంటి రోజుల్లో యాదయ్య కేసు నా దగ్గర నడుస్తోంది. యాదయ్యది మంఖాల్, ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాను ఎక్కించే ఒక కాంట్రాక్టు కంపెనీలో కూలి పని, ఇద్దరు పిల్లలు. ఒక ప్రయాణికురాలి పెట్టెలోంచి బంగారు గాజులు పోయాయని ఫిర్యాదు వచ్చింది, వెతికి వెతికి యాదయ్యను అరెస్టు చేసేసరికి నెల దాటింది. గాజులు దొరకలేదు, కెమెరాలో స్పష్టంగా ఏమీ లేదు, ఉన్నది ఒక్కటే సాక్ష్యం. ఆ సాయంత్రం ఒక మనిషి పెట్టె జిప్పు తీయడం చూశానని, అతను యాదయ్యేనని అక్కడి సూపర్‌వైజర్ చెప్పాడు. ఆ ఒక్క మాట నిలిస్తే యాదయ్య జైలుకు, పడితే ఇంటికి. యాదయ్య నన్ను దేవుడిలా చూసేవాడు, బెయిలు ఇప్పించినప్పటినుంచి నా ఎదుట కుర్చీలో కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

సూపర్‌వైజర్‌ను క్రాస్ చేసే రోజు వచ్చింది. పొద్దున పిలవాల్సిన కేసు వెనక్కి జరిగి జరిగి మధ్యాహ్నమైంది, ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి నేను బయటికి పోలేను, మూడు గంటలు గుట్కా లేదు, దవడ బిగుసుకుపోయింది. అయినా మొదలుపెట్టాక బాగానే నడిచింది. ఆ రోజు వాన పడుతోందా అంటే అవునన్నాడు, అందరూ ఒకే రంగు రెయిన్‌కోట్లు, టోపీలు వేసుకున్నారా అంటే అవునన్నాడు, నువ్వు చాలా దూరంలో ఉన్నావు కదా అంటే అవునన్నాడు, ముఖం కనిపించలేదు కదా అంటే కనిపించలేదని ఒప్పుకున్నాడు. అయిపోయింది! అక్కడ నేను కూర్చోవాలి. క్రాస్‌లో జవాబు తెలియని ప్రశ్న అడగకూడదు, పని అయ్యాక ఒక్క ప్రశ్న కూడా ఎక్కువ వేయకూడదు, మా దగ్గర మొదటి వారం చేరిన జూనియర్‌కు కూడా ఇది చెబుతాం. కానీ ఆ సాక్షి మీద ఎందుకో తెలియని కసి, వాణ్ణి ఇంకొక్క దెబ్బ కొట్టి బయటపడాలన్న తొందర, ఆ తొందరలో నోరు జారింది.

"మరి ముఖమే చూడనోడివి, యాదయ్య అని ఎట్ల చెప్తున్నవయ్యా?"

అతను జడ్జిగారి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "ఆ మనిషి ఎడమ చేత్తోని జిప్పు గుంజిండు మేడం. ఆ షిఫ్టుల ఎడమ చెయ్యి వాటం యాదయ్య ఒక్కడికే."

జడ్జిగారు ఆ జవాబును అక్షరం పోకుండా రాయించారు, నా వెనక జూనియర్లు తలలు దించుకున్నారు. అవతలి వకీలు ఎంత తల కొట్టుకున్నా రాబట్టలేని ముక్క, మా వాణ్ణి జైలుకు పంపే ముక్క, నా చేతులతో నేనే రాయించాను. బయటికి వచ్చాక యాదయ్య చేతులు కట్టుకుని నా ముఖంలోకి చూశాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? నవ్వి, అంతా బాగానే జరిగింది, పరేషాన్ కావద్దని భుజం తట్టి పంపించాను, జేబులోంచి పొట్లం తీసి చించుకున్నాను.

ఇంటికి వస్తూ గగన్‌పహాడ్ దాటాక సర్వీసు రోడ్డు పక్కన కారు ఆపాను. ఇంకా పట్టపగలే, నెత్తిమీద విమానాలు దిగుతున్నాయి. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను సహోదరులారా, నా తండ్రి చనిపోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. ఆ రోజు చేసిన ప్రార్థన నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ప్రభువా, ఈ నోరు నువ్విచ్చినవ్, నేను పాడు చేసుకున్న. నా సంగతి నీ ఇష్టం. కానీ యాదయ్యను నా తప్పుకు బలి కానియ్యకు తండ్రీ. వాడు ఏం చేసిండు?"

అక్కడే జేబులోని పొట్లాలన్నీ తీసి రోడ్డు పక్క మురుగు మోరీలో పారేశాను. ఆ క్షణమే అంతా మాయమైపోయిందని చెబితే మీరు హల్లెలూయా అంటారు గానీ నేను అబద్ధం చెప్పినవాణ్ణి అవుతాను. నాలుగు రోజులు తలనొప్పితో గోడలకు ఆనుకుని కూర్చున్నాను, కరుణ మీద అరిచాను, రెండో వారంలో ఒకసారి ఓడిపోయి ఒక పొట్లం నోట్లో వేసుకుని, వేసుకున్నందుకు ఏడ్చి, ఉమ్మేశాను. డాక్టరమ్మ మందులు ఇచ్చింది, ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి నోరు సాగదీయమంది. రోజూ పొద్దున కరుణ నా ఎదుట పీట వేసుకుని కూర్చుని పుల్లలు పెట్టేది, పెడుతున్నంతసేపూ ప్రార్థన చేసేది, నేను నోట్లో పుల్లలతో ఆమెన్ అనలేక తల ఊపేవాణ్ణి!

కానీ యాదయ్య సంగతి నా గుండెల మీద అట్లాగే ఉంది. వాయిదా దగ్గర పడుతోంది, నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి దగ్గర మోకరించి అంతా చెప్పుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టబోతూ ఆగి ఒక్క మాట అడిగారు.

"దేవునికి చెప్పిండ్రు, నాకు చెప్పిండ్రు. ఆ యాదయ్యకు చెప్పిండ్రా?"

వకీలు తన తప్పును కక్షిదారుతో చెప్పుకోవడం మా బార్‌రూంలో ఎవరూ వినని సంగతి. కేసు పోతే జడ్జి సరిగ్గా వినలేదంటాం, సాక్షి అమ్ముడుపోయాడంటాం, టైం బాగాలేదంటాం, నేను తప్పు చేశానని మాత్రం అనం. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా మంఖాల్ వెళ్లాను. యాదయ్య నన్ను చూసి కంగారుపడి మంచం మీద దుప్పటి పరిచాడు. నేను కూర్చోకుండా నిలబడే చెప్పాను. ఆ చివరి ప్రశ్న నేను అడగకూడదని, గుట్కా మీద ధ్యాసతో, పొగరుతో అడిగానని, దానివల్ల నువ్వు జైలుకు పోవచ్చని, అంతా బాగా జరిగిందని నీతో అబద్ధం చెప్పానని, కావాలంటే వేరే వకీలును పెట్టుకో, కాగితాలన్నీ ఇచ్చేస్తానని చెప్పి చేతులు జోడించాను.

యాదయ్య తన ఎడమ చెయ్యి ముందుకు చాపాడు, రెండు వేళ్ల మీద కుట్లు పడ్డ మచ్చ.

"మరి గాజులు పోయిన దినం నాకు ఈ చెయ్యి పనిచేస్త లేకుండె సార్. రెండు దినాల ముందు సామాన్లు పోయే బెల్టుల పడి వేళ్లు నలిగినయి. దవాఖానల కుట్లేసి చెక్క పెట్టి కట్టు కట్టిండ్రు. సెలవు పెడితే పనిలకెళ్లి తీసేస్తరని పైనుంచి గ్లౌజు తొడుక్కొని, కుడి చేత్తోని ట్రాలీలు నూకిన."

నేను అక్కడే మంచం మీద కూలబడ్డాను! ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగితే అతను చెప్పిన మాట చచ్చేదాకా మరిచిపోను.

"చెయ్యి ముచ్చట ఎవ్వరు అడగలే సార్. ఆ దినం మీరే అడిగిండ్రు. వకీల్‌సాబ్ అడిగిండంటే ఏదో ఉపాయం ఉంటదనుకున్న. అంతా మంచిగైంది అని కూడ అంటిరి. నడుమల నేను నోరు తెరిస్తే ఖరాబైతదని ఊకున్న."

చూశారా సహోదరులారా! నా అబద్ధమే అతని నోరు కట్టేసింది, నా ఒప్పుకోలే విప్పింది. అతని భార్య లోపలికి వెళ్లి రేషన్ కార్డు దాచే డబ్బాలోంచి దవాఖాన చీటీ తెచ్చింది, దాని మీద ఫిర్యాదులో ఉన్న రోజుకు రెండు రోజుల ముందు తారీకు, ఎడమ చేతి వేళ్లకు కుట్లని డాక్టరు చేతిరాత, వారం దాకా కట్టు తీయొద్దని కూడా ఉంది. ఆ సూపర్‌వైజర్ అబద్ధం చెప్పలేదు, చూసింది చూసినట్టే చెప్పాడు, మనిషి విషయంలో పొరపడ్డాడు. నేను ఆ తప్పు ప్రశ్న అడగకపోతే ఎడమ చెయ్యి అన్న మాట రికార్డులోకే రాదు, రాకపోతే ఈ చీటీకి విలువే లేదు! ఏ జవాబు మా వాణ్ణి ముంచుతుందని నేను ఏడ్చానో, దాన్నే దేవుడు ఒడ్డుగా మార్చాడు. ఆయనకే మహిమ, ఆయనకే!

కుట్లు వేసిన డాక్టరుగారిని మా తరఫు సాక్షిగా పిలిపించాం, ఆయన రిజిస్టరు తెచ్చారు. ఆ రోజుకు నేను గుట్కా మానేసి నెల దాటింది, చేతులు వణకలేదు, మనసు తలుపు వైపు పోలేదు. ఆ కట్టుతో ఎడమ చేత్తో జిప్పు తీయగలడా అని అడిగాను. చెక్క కట్టిన వేళ్లు వంగనే వంగవని ఆయన అన్నారు. ఆ మాట రాగానే పాత మనిషి నాలో లేచాడు, ఇంకొకటి అడుగు, ఇంకొక దెబ్బ కొట్టు, జూనియర్లు చూస్తున్నారు అన్నాడు. నేను కోటు సర్దుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో నేను కోర్టులో చేసిన గొప్ప పని ఏదంటే ఆ కూర్చోవడమే.

తీర్పు రోజు యాదయ్యను నిర్దోషి అని విడుదల చేశారు. కోర్టు మెట్ల మీద అతను నా కాళ్ల మీద పడబోతే పట్టుకున్నాను, మనిద్దరిని విడిపించినవాడు వేరే ఉన్నాడని చెప్పాను. అతను మన మందిరానికి వస్తాడా రాడా అన్నది అతని ఇష్టం, దేవుని చిత్తం. కానీ ప్రతి నెలా మా ఇంటికి వచ్చి పచ్చిమిరపకాయలు ఇస్తాడు, తన చేతితో పండించినవి. కరుణ వాటితో కూర చేస్తుంది, నేను కళ్ల నీళ్లు పెట్టుకుంటూ తింటాను, ఆ నీళ్లు కారానికి మాత్రమే కాదు. మొన్న డాక్టరమ్మ మళ్లీ వేళ్లు పెట్టమంది, మూడో వేలు కొంచెం ఇరుకుగానైనా పట్టింది.

ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లలో కొందరి జేబుల్లో పొట్లాలు ఉన్నాయని నాకు తెలుసు, ఆ వాసన నాకంటే బాగా ఎవరు పసిగడతారు! కొందరి గుండెల్లో ఎవరికో చెప్పాల్సిన మాట ఉండిపోయిందనీ తెలుసు. పొట్లాన్ని ఈ రోజే పారేయండి, దవాఖానకు వెళ్లండి, సిగ్గుపడకండి. ఆ మాటను దేవునికి చెప్పండి, తర్వాత లేచి వెళ్లి ఆ మనిషికీ చెప్పండి. మీరు నోరు తెరిచేదాకా ఆయన మీకోసం దాచిన చీటీ ఏ ఇంటి డబ్బాలో ఉందో మీకు తెలియదు. నాలాంటివాణ్ణే వదలని ప్రభువు మిమ్మల్ని వదలడు, ఆయన్ని నమ్మండి, నేను పూచీ.

ఇంకా చెప్పాలని ఉంది. పాస్టరు అయ్యగారు గడియారం వైపు చూస్తున్నారు గానీ నేను ఆపేది అందుకు కాదు. ఎప్పుడు కూర్చోవాలో దేవుడు నాకు నేర్పించాడు. కూర్చుంటున్నాను.