లతీఫ్ కోడెలో దాగిన రోగం

ఆలేరు చుట్టుపక్కల ఊళ్లలో ఆవు ఎదకొచ్చిందంటే లతీఫ్‌కు కబురు వెళ్లేది. అతని దగ్గర సంకరజాతి జెర్సీ కోడె ఉండేది. పిలిచిన రోజే దాన్ని తోలుకుని వచ్చేవాడు. దానికి పుట్టిన పెయ్యలు పెద్దవై పాలిస్తుంటే, అది లతీఫ్ కోడె పెయ్య అని జనం గొప్పగా చెప్పుకునేవారు. అతనికి భూమి లేదు. అతనూ భార్య తాహేరా బతికింది ఆ కోడె మీదే.

1992 ఎండాకాలంలో కోడెకు జ్వరం వచ్చింది. మూతి ఎర్రగా కమిలిపోయింది. ముక్కు వెంట చీమిడి, తెరలు తెరలుగా దగ్గు. తొమ్మిది రోజులు మేత ముట్టలేదు. తాహేరా తడిగోనె కప్పింది, లతీఫ్ వెదురు గొట్టంతో గంజి పట్టాడు. పదో రోజు కోడె దానంతట అది నీళ్లు తాగితే ఇద్దరూ ఏడ్చారు. నెల తిరగకుండా అది మళ్లీ ఊళ్లు తిరిగింది.

చలికాలం వచ్చేసరికి చూడి ఆవులు నెలలు నిండకుండానే చచ్చిన దూడలను వేయడం మొదలైంది. పశువుల దవాఖాన డాక్టరు ఇస్రాయేలు ఇల్లిల్లూ తిరిగాడు. ఆవులను ఏ కోడెతో కట్టించారని అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. ఆయన నేరుగా లతీఫ్ ఇంటికి వచ్చాడు.

"దానికి ఎప్పుడో తగ్గింది సారూ. చూడుండ్రి, ఎట్లున్నదో" అన్నాడు లతీఫ్.

"తగ్గినట్టు కనబడతది లతీఫ్. గీ రోగం తెచ్చే వైరస్ తలలోని నరంల దాక్కుంటది. పశువు అలిసిపోతే మళ్ల బయటికొస్తది. ముక్కుల నుంచి, వీర్యంల నుంచి పక్క పశువుకు అంటుతది. చూడి ఆవుకు అంటితే దూడ కడుపులనే చస్తది. నాది అనుమానమే, పరీక్ష చెయ్యాలె. అందాక కోడెను ఎక్కడికీ తోలకు."

లతీఫే ముక్కుతాడు పట్టుకున్నాడు. డాక్టరు దూదిపుల్లతో ముక్కులోంచి చీమిడి తీశాడు, వీర్యం కూడా సీసాలో పట్టాడు. కానీ లతీఫ్ కోడెను ఆపలేదు. రుజువైతే అప్పుడు చూద్దామనుకున్నాడు.

మూడు వారాలకు పక్క ఊరి భద్రమ్మ ఆవు ఎదకొచ్చిందని కబురు పంపింది. ఆమెకున్నది ఒక్కటే ఆవు. కోడె వచ్చి వెళ్లిన ఐదో రోజు ఆ ఆవు మూతి ఎర్రబడింది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఊపిరి కోసం కొట్టుకుంది. ఇస్రాయేలు దాని ముక్కులోంచి కూడా దూదిపుల్లతో చీమిడి తీసి, దాచి ఉంచిన కోడెవాటితో కలిపి ఐస్ డబ్బాలో పెట్టుకుని హైదరాబాదు రైలెక్కాడు. మర్నాడు ఆవు చచ్చిపోయింది.

లతీఫ్ ఆ రోజు నుంచి కోడెను కట్టేశాడు.

ఎనిమిది నెలల తర్వాత డాక్టరు ఒక ఫొటో తెచ్చాడు. ల్యాబులో వైరస్‌ను పెంచి, దాని డీఎన్ఏను ముక్కలుగా కోసి, ఆ ముక్కలు పొడవును బట్టి విడిపోయాక తీసిన ఫొటో అని వివరించాడు. నల్లటి కాగితం మీద తెల్లటి అడ్డగీతలు.

"ఇది నీ కోడెది. పక్కది భద్రమ్మ ఆవుది."

లతీఫ్‌కు చదువు రాదు. ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూశాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి గద సారూ."

"ఉన్నయి. ఎవరి నుంచి ఎవరికి పోయిందో మాత్రం గీ గీతలు చెప్పవు."

"నాకు ఎర్కే సారూ. ఆమె ఆవు వాకిలి దాటలే. నేనే తోలుకపోయిన."

తిరుమలగిరి పశువుల అంగడి బేరగాడు మైసయ్య ఆ వారమే వచ్చాడు. "దూరం తోలి అమ్ముదాం. ఎవలకు తెలుస్తది?" అన్నాడు. లతీఫ్ తాహేరా వైపు చూశాడు. ఇంట్లో పిండి కూడా లేదు. "తోలకు" అంది ఆమె.

ఊరి బయట బండల నడుమ కంచె వేసి కోడెను ఒంటరిగా కట్టారు. తర్వాత లతీఫ్ భద్రమ్మ ఇంటికి వెళ్లి అంతా చెప్పాడు.

"సారు వద్దన్నంక గూడ తోలినవా?" అందామె.

"తోలిన."

"ఎందుకు?"

"నమ్మలేదమ్మా. నమ్మితే ఏం తినాలె అని నమ్మలే."

భద్రమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

లతీఫ్ ఆలేరు స్టేషన్లో బస్తాలు మోసి ఆ కోడెను మూడేళ్లు మేపాడు. 1996లో అది చచ్చిపోతే, మహబూబ్‌నగర్‌కు బదిలీ అయిన ఇస్రాయేలు కబురందుకుని వచ్చి, తల కోసి నరం ముక్క తీసుకెళ్లాడు. మిగతాది సున్నం చల్లి లతీఫ్, తాహేరా పూడ్చారు. సాయానికి ఎవరూ రాలేదు.

చాలా నెలలకు డాక్టరు నుంచి కార్డు ముక్క వచ్చింది. ఆ నరంలో వైరస్ దొరికింది, గీతలు అవే. లతీఫ్ దాన్ని చదివించుకుని భద్రమ్మకు చెప్పడానికి వెళ్లాడు.

ఆమె అడిగింది. "మరి నీ కోడెతో కట్టించినంక బతికిన ఆవులల్ల?"

"ఉండొచ్చు. ఎన్నిట్ల ఉన్నదో సారు గూడ చెప్పలేనని రాసిండు."

 గూడ్సు బండి వచ్చే వేళైంది. లతీఫ్ బస్తాలు దింపడానికి స్టేషన్‌కు నడిచాడు.