రెండు బిందెల సముద్రం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, నాన్న నన్ను రేపల్లె నుంచి తీసుకొచ్చి బాపట్లలో మా పెద్దమ్మ ఇంట్లో దింపి వెళ్లాడు. ఎనభైలనాటి మాట. నాకు పదేళ్లు. పెద్దమ్మ మంచిదే. వేళకు అన్నం పెట్టేది, జడ వేసేది. కానీ ఆ ఇంట్లో అమ్మ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే నేను ఏడుస్తానని వాళ్ల భయం. ఎత్తడం లేదని నాకు ఏడుపు. బడి వదిలాక తోడెవరూ లేక, అరుగు మీద కూర్చుని తెనాలి వైపు పోయే రైళ్ల కూతలు వింటూ ఉండేదాన్ని. తెనాలిలో బండి మారితే రేపల్లె వెళ్లొచ్చని నాకు తెలుసు.

పక్కింట్లో సైన్సు టీచరు గారు ఒక్కరే ఉండేవారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. వారమంతా బడికి, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, అంతకుమించి ఆవిడ గడప దాటగా నేను చూడలేదు. ఒకరోజు ఆ ఇంటి ముందు రిక్షాలోంచి ఒక గాజు తొట్టె దిగింది. మహా అయితే రెండు బిందెల నీళ్లు పడతాయి. గోడ మీదుగా తొంగిచూస్తున్న నన్ను ఆవిడ లోపలికి పిలిచారు. సముద్రపు చేపల్ని ఇంట్లో పెంచాలని చాలా రోజులుగా కోరికట. ఆవిడకూ అదే మొదటిసారి కావడంతో పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో పనీ చేసేవారు.

పెద్దమ్మను అడిగి, ఆ శనివారం నన్ను బస్సులో సూర్యలంక తీసుకెళ్లారు. అలల్లో నడుములోతు దాకా వెళ్లి డబ్బాల్లో నీళ్లు నింపుకొచ్చారు. ఇసుక, గవ్వలు నేను కడిగాను. తొట్టెలో నీళ్లు పోసి, గాలి బుడగలు వదిలే చిన్న కరెంటు యంత్రం పెట్టాక, చేపలెప్పుడండి అని అడిగాను. మూడు వారాలు ఆగాలన్నారు. కంటికి కనపడని క్రిములు కొన్ని ముందు ఆ ఇసుకలో కుదురుకోవాలట. చేపలు చేసే మురికిని అవే శుభ్రం చేస్తాయట. ఆ మూడు వారాలూ బడి వదలగానే వెళ్లి, ఉత్త నీళ్ల ముందు కూర్చునేదాన్ని. ఆవిడ పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు. మాటలేమీ ఉండేవి కావు. అయినా అరుగు మీదకన్నా నయంగా ఉండేది.

చివరికి సూర్యలంకలో, పోటు తగ్గాక ఇసుక గుంటలో మిగిలిపోయిన రెండు చేపపిల్లలు దొరికాయి. బొటనవేలంత ఉంటాయి, వెండి ఒంటి మీద నల్లచారలు.

ఎండలు ముదిరాయి. తెనాలిలో వాళ్లమ్మకు జబ్బు చేసిందని టీచరు గారు వారం రోజులు వెళ్లాల్సి వచ్చింది. తొట్టె నాకప్పగించారు. గాజు మీద గీత గీసి, నీళ్లు దానికంటే దిగితే మంచినీళ్లు పోయమన్నారు.

మొదటిరోజు చెప్పినట్టే చేశాను. రెండోరోజు చెంబు వంచుతుంటే నాకు బెంగ పట్టుకుంది. ఇలా రోజూ మంచినీళ్లు పోస్తే సముద్రం పలచబడిపోదా? వీటికి తమ ఊరు మరిచిపోయినట్టు ఉండదా? పెద్దమ్మ వంటింట్లోంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చి వేశాను. అప్పట్నుంచి రోజూ వేశాను. ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే చూస్తే ఒక చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. రెండోది ఒక మూల ఎగరొప్పుతోంది.

టీచరు గారు సంచి కింద పెట్టకుండానే తొట్టె దగ్గరికి వచ్చారు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. నీళ్లల్లో ఏమన్నా వేశావా అని నెమ్మదిగా అడిగారు.

"లేదండి" అన్నాను.

ఆవిడ మళ్లీ అడగలేదు. తొట్టెలోంచి కొన్ని నీళ్లు తీసేసి, మంచినీళ్లు కొద్దికొద్దిగా పోయడం మొదలుపెట్టారు. తీసిన నీళ్లు కాసిని స్టీలు పళ్లెంలో పోసి, సాయంత్రం దాకా చూస్తుండమని నా చేత ఎండలో పెట్టించారు. సాయంత్రానికి నీళ్లు లేవు. పళ్లెం నిండా తెల్లటి ఉప్పు.

"నీళ్లే పోతాయమ్మా. ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకే మంచినీళ్లు పోయమన్నాను."

అంతే అన్నారు. నేను పళ్లెం కింద పెట్టాను. నేనే వేశానండి అని చెప్పేశాను. ఎందుకని అడిగితే, అవి సముద్రం మీద బెంగపెట్టుకుంటాయని అన్నాను.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ అమ్మ ఎలా ఉండేదో చెప్పు నాకు."

చెప్పాను. అమ్మ నవ్వితే పంటి మీద పన్ను కనపడేదని, చారులో బెల్లం ఎక్కువ వేసేదని, నన్ను చిట్టీ అనేదని. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ వారించలేదు.

రెండో చేప బతికింది. దానికి తోడు ఇంకో చేపను తెద్దామన్నాను. నీళ్లు కుదుటపడేదాకా వద్దన్నారు. "అందాకా దానికి మనిద్దరం ఉన్నాంగా" అన్నారు. మర్నాడు బడికి వెళ్తూ తొట్టె మళ్లీ నాకే అప్పగించారు.

తర్వాత ఆవిడకు బదిలీ అయింది. మళ్లీ కలవలేదు. నేను పెద్దయ్యాక ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా చాలా ఏళ్లు చేశాను. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు ఏదో ఒకటి చేసేవారు, అడిగితే నేను కాదండి అనేవారు. సాయంత్రం దాకా ఆగి, పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇంటి సంగతులు చెప్పమనేదాన్ని. చాలామంది చేసింది కూడా చెప్పేసేవారు. చెప్పని పిల్లల కోసం ఇంకో సాయంత్రం ఆగేదాన్ని.